గ్రహణం పూట పట్టిన కత్తెర

నిన్న పొద్దున మా చిన్నకోడలు ఫోను తెచ్చి నా కళ్ళముందు పెట్టింది. వచ్చే వారం సూర్యగ్రహణమట, కడుపుతో ఉన్నవాళ్ళు ఆ పూట కూరగాయలు తరిగితే బిడ్డకు మొర్రి వస్తుందని బంధువులందరూ పంపిస్తున్నారట, ఏం చేయమంటావత్తా అని అడిగింది. ఆ పిల్లకు ఇప్పుడు ఆరో నెల. నవ్వుతూనే అడిగింది గానీ కళ్ళల్లో కాస్త బెదురుంది. నేను చేతిలో పని పక్కన పెట్టి, దాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. నా ఈడు ఆడవాళ్ళకు ఆ భయం గురించి విడమరిచి చెప్పక్కర్లేదు. గ్రహణం పూట చీకటి గదుల్లో మనమందరం పడుకున్నవాళ్ళమే.

నేను ఎర్రగుంట్ల పిల్లను. కోడుమూరులో మగ్గాలవాళ్ళింటికి కోడలిగా వచ్చిన రెండో ఏడు తొలిచూలు. ఆ రోజుల్లో కడుపుతో ఉన్న పిల్ల అంటే వీధంతటికీ సొంతమే. కడుపు ముందుకొస్తే మగపిల్లోడని ఒకామె, బొప్పాయి వైపు చూడను కూడా చూడొద్దని ఇంకొకామె, కడుపునిండా తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుందని పక్కింటి సాయిబుల ఖాలమ్మ. మా అత్త మాత్రం ఆ చివరి మాట వినేది కాదు, జొన్నరొట్టె మీద రొట్టె వేసేది. అయితే గ్రహణం విషయంలో ఆమె ఎవరికీ మినహాయింపు ఇచ్చేది కాదు.

ఏడో నెలలో పట్టపగలు సూర్యగ్రహణం వచ్చింది. కుండల మీద గరిక వేసి, కిటికీ సందుల్లో పాతగుడ్డలు కుక్కి, నన్ను చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, పక్కకు ఒత్తిగిలినా బిడ్డ అవయవం వంకర పోతుందని చెప్పి తలుపు దగ్గరగా వేసి పోయింది అత్త. మగవాళ్ళు విడుపు స్నానానికి హంద్రి ఏటికి పోయారు. తోటికోడలు తన బిడ్డ నిద్రపోయిందనుకుని అత్తతోపాటు దేవుడి ముందర కూర్చుంది. నాకు అరికాలు ఒకటే దురద. గోక్కుంటే ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు కాబట్టి ఇంకా భయం.

అంతలో మగ్గమున్న వసారాలో ఏదో కిర్రుమంది. తర్వాత గొంతు నొక్కినట్టు ఒక చిన్న శబ్దం. ఎవరినో పిలుద్దామని కూడా తోచలేదు, లేచి పరుగెత్తాను. తోటికోడలి బిడ్డ, అప్పుడప్పుడే నడక నేర్చినది, కొయ్యకు దండలా వేలాడే నూలు చిలపను మెడలో వేసుకుని ఆడుతూ మగ్గం కింద కాళ్ళు పెట్టే గుంతలోకి జారింది. నూలు మెడకు బిగుసుకుపోయి మొహం నీలం తిరుగుతోంది. పక్కనే మా ఆయన కత్తెర ఉంది. బిడ్డను ఒక చేత్తో పైకెత్తి పట్టి, కసకసా కత్తిరించాను. పాప ఒక్క దగ్గు దగ్గి కెవ్వుమంది. ఆ ఏడుపంత తియ్యటి శబ్దం నేను అంతకుముందు వినలేదు. అప్పుడు చూశాను, కప్పు సందుల్లోంచి నేల మీద పడే వెలుతురు చుక్కలన్నీ చిన్నచిన్న నెలవంకలై ఉన్నాయి. ఎంత అందంగా ఉన్నాయో!

ఏడుపు విని వాళ్ళిద్దరూ పరుగెత్తుకొచ్చారు. తోటికోడలు బిడ్డను హత్తుకుని కూలబడింది. అత్త నా చేతిలో కత్తెరను, నా కడుపును మార్చి మార్చి చూసి, "ఎంత పని జరిగెనే నా తల్లీ" అంది. కత్తెర తీసుకుని దాచేసి, ఈ సంగతి గడప దాటకూడదని మా ఇద్దరిచేతా ఒట్టు వేయించుకుంది. నన్ను ఒక్క మాట అనలేదు. అప్పట్నుంచి శనివారాలు ఒంటిపొద్దు ఉండసాగింది. నేను ఒంటరిగా ఉన్నప్పుడల్లా నా పైపెదవి తడుముకునేదాన్ని.

నొప్పులొచ్చాక బస్సులో కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. తెల్లవారాక కాన్పయింది, ఆడపిల్ల. అత్త బిడ్డను వెలుతురులోకి తీసుకుపోయి, వేలితో పెదవి తడిమి, నోరు తెరిచి అంగిలి చూసింది. ఆమె ఉన్నట్టుండి చిన్నపిల్లలా పకపకా నవ్వి, "సక్కంగుండాదే! శానా సక్కంగుండాదే!" అని అరిచింది. చక్కెర పొట్లం విప్పి మంచం మంచానికీ తిరిగి పంచడం మొదలుపెట్టింది.

నా పక్క మంచం మీది పిల్ల దగ్గరికొచ్చేసరికి ఆమె కాళ్ళు ఆగిపోయాయి. పత్తికొండ వైపు పిల్ల, నా ఈడే. గోడకు తిరిగి ఏడుస్తోంది. ఒడిలోని బిడ్డకు పెదవి చీలి ఉంది. డాక్టరమ్మ అప్పుడే చెప్పి పోయింది, కడుపులో మొదటి నెలల్లోనే పెదవి ఏర్పడుతుందనీ, తల్లి చేసినదానివల్ల రాదనీ, కొన్ని నెలలకు కుట్టేయవచ్చనీ. ఆ పిల్ల అత్త మాత్రం వినడంలేదు. "గ్రహణం పొద్దు ఏం కోసిందో ఏమో, అడిగితే చెప్పదు" అంటోంది. ఆ పిల్ల "నేను కదల్లేదత్తా, కట్టె మాదిరి పండుకున్యా" అని ఎక్కిళ్ళు పెడుతోంది.

మా అత్త చక్కెర పొట్లం మంచం మీద పెట్టింది. నా దగ్గరికొచ్చి బిడ్డను ఎత్తుకుని, వార్డంతా వినేటట్టు అంది:

"ఇట్ల సూడక్కా. నా కోడలు గ్రహణం పట్టినప్పుడు నిలబడి కత్తెరతో నూలు కత్తిరించింది. సేతిలో కత్తెర నా కండ్లారా సూసినా. ఈ బిడ్డ మూతికేమైంది? నీ కోడలు కదలకుండా పండుకున్యా ఆ బిడ్డకొచ్చె. ఇంగ ఆ పిల్లనెందుకంటావు?"

మా ఇద్దరిచేతా ఒట్టు వేయించిన మనిషి, తన ఇంటి గుట్టును తానే నలుగురిలో విప్పేసింది! బాలింత మంచంలో లేవలేక పడున్నా, లేచి చప్పట్లు కొట్టాలనిపించింది. పత్తికొండ పిల్ల అత్త ఒంగి ఆ బిడ్డను ఎత్తుకుంది. మా అత్త ఆ బాలింత నోట్లో చక్కెర వేసి, పిండిన పాలు చెంచాతో ఎట్లా పట్టాలో నర్సమ్మతో కలిసి నేర్పింది. ఆ తర్వాత ఆ బిడ్డకు పెదవి కుట్టారని, నవ్వితే సన్నగీత మాత్రమే కనిపిస్తుందని ఎవరిచేతో కబురొచ్చింది. ఆ రోజు మా అత్త ఇంట్లో పాయసం కాచింది.

ఆమె ఆ తర్వాత కూడా ప్రతి గ్రహణానికీ కుండల మీద గరిక వేసింది. అది ఆమె భక్తి. కానీ ఏ కోడలినీ మళ్ళీ గదిలో పెట్టలేదు. నిన్న మా చిన్నకోడలికి నేను చెప్పిందీ ఇదే.

ఇప్పుడు కాన్పుకు పోతే ఎవరి గది వాళ్ళదే. తలుపు, తెర, చల్లటి గాలి, అన్నీ మంచివే, నా కోడలికీ అవే కావాలని కోరుకుంటాను. కానీ గోడకవతల ఏ పిల్ల అయినా గోడకు తిరిగి ఏడుస్తుంటే, చక్కెర చేత్తో పట్టుకుని ఆ మంచం దగ్గరికి నడిచిపోయే మనిషికి ఇప్పుడు దారేదీ అనిపిస్తుంది.