మెట్ల మేడం

ఆపరేషన్ గదిలో ఆమెకు చాటుగా పెట్టిన పేరు మెట్ల మేడం. గుండె ఆపరేషన్లకు మత్తిచ్చే డాక్టరు. మత్తులో రక్తపోటు తగ్గుతుంది, తగ్గినప్పుడు చెడిపోయిన గుండె కవాటం కూడా కారకుండా బుద్ధిగా ఉన్నట్టు నటిస్తుంది అని ఆమె వాదన. అందుకే కవాటం బాగుచేశాక మందుతో రక్తపోటు పెంచి, గొంతులోకి దించిన స్కానింగు గొట్టంతో గుండెను మరోసారి చూస్తుంది. రేపు ఈ మనిషి మెట్లెక్కాలి కదా అంటుంది. ఏళ్ళ తరబడి దీనిమీదే పరిశోధన. ఇంకొంతమంది రోగుల్ని చేర్చమంటూ వైద్య పత్రికవాళ్ళు ఆమె వ్యాసాన్ని రెండుసార్లు తిప్పి పంపారు.

ఆ రోజు రెండో కేసు ఒక స్కూలు బస్సు డ్రైవరు. పొద్దుటి కేసు మొండికేసి అందరి ఒళ్ళూ హూనం చేసింది. నిలబడి నిలబడి ఆమె మడమలు సలుపుతున్నాయి, అన్నం డబ్బా మూత తియ్యనే లేదు. సాయంత్రానికి సర్జన్ పెద్దాయన కవాటం కుట్టాడు. గుండె మళ్ళీ కొట్టుకుంది. తెర మీద చూస్తే చుక్క కారడం లేదు.

ఊరుకుంటే సరిపోయేది. ఇంటికెళ్ళి కాళ్ళు వేణ్ణీళ్ళలో పెట్టుకోవచ్చు, అడిగేవాళ్ళు లేరు. కోరి కొరివితో తల గోక్కోవడం ఎందుకు? నిజం చెప్పాలంటే, ఏమీ ఎరగక పడుకున్న ఆ డ్రైవరు మీద ఆమెకు కోపం కూడా వచ్చింది. అయినా సిరంజి అందుకుంది.

రక్తపోటు పెరిగింది. కవాటం సందులోంచి రక్తం వెనక్కి చిమ్మింది.

“కారుతోంది సార్. మళ్ళీ గుండె ఆపి మిషను మీద పెట్టాలి.”

పెద్దాయన తలెత్తలేదు. “నీ పరిశోధనకి ఇంకో అంకె తక్కువైందా?”

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. అంకె నిజంగానే కావాలి మరి. ఏది రోగి కోసమో ఏది పత్రిక కోసమో విడదీసి చూసుకునే ఓపిక ఆమెకు లేదు.

“అంకె మీరే ఉంచుకోండి సార్. కుట్టు మాత్రం విప్పండి.”

ఆయన తెర వైపు చూసి, నిట్టూర్చి, విప్పాడు. ఒక కుట్టు కండను కోసుకుని ఊడి ఉంది. అది సరిచేశాక ఎంత ఒత్తిడి పెంచినా కవాటం నిలబడింది.

డ్రైవర్ని ఐసీయూలో దింపి ఆమె బయటికొచ్చేసరికి, పెద్దాయన ఇంటివాళ్ళతో మాట్లాడి వెళ్ళిపోయాడు. బల్ల మీద కూర్చున్న డ్రైవరు భార్య లేచి నిలబడింది.

“బాగా జరిగిందంట. మత్తు డాక్టరు వల్లే ఇంత ఆలస్యమైందన్నారు. ఇక్కడ మా ప్రాణాలు పోయాయనుకోండి. ఎవరమ్మా ఆవిడ?”

చెప్పాలంటే కవాటం దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

“నేనేనమ్మా,” అంది. “ఆలస్యం నావల్లే.”

ఆ భార్య ముఖం తిప్పుకుంది.