ఆఖరి బెల్లు దాకా లేవొద్దు

జమ్మలమడుగు హైస్కూల్లో బెల్లు కొట్టే ఫకీర్ సాహెబుకు పరీక్షల సంగతి తెలిసినంతగా అయ్యవార్లకు కూడా తెలియదని ఊళ్లో పేరు. తెలియక ఏం చేస్తుంది? పంతొమ్మిదేళ్లు వరండాలో నిలబడి కిటికీల్లోంచి ఆ మొహాలే చూశాడాయె. పేపరు చేతికి రాగానే గబగబా గీకేవాడు చివరి అరగంటలో ఏడుపు మొహం పెడతాడు. మొదటి ప్రశ్ననే పట్టుకుని వేలాడేవాడు గట్టెక్కడు. మాటిమాటికీ నీళ్లడిగేవాడి గురించి ఇక చెప్పనే అక్కర్లేదు.

పరీక్షల దినాల్లో పిల్లలంతా గేటు దగ్గర ఆయన చుట్టూ మూగేవాళ్లు.

"ముందు పేపరంతా ఒక తూరి సదువుకోండి. వచ్చినవి ముందు రాయండి, రానివి ఎనక్కి పెట్టుకోండి. అరగంట బెల్లు ఇనపడితే గాబరా పడొద్దండి. ఆఖరి బెల్లు దాకా మాత్రం పిర్ర పైకెత్తొద్దండి!" అనేవాడు.

పరీక్ష అయ్యాక ఒక్కొక్కరినీ ఆపి, "ఎట్ల రాస్తివి నాయనా?" అని అడిగేవాడు. వాళ్లు చెప్పేదంతా ఓపికగా వినేవాడు. పాసైనవాళ్లు వేసవి దాటగానే ఎటువాళ్లటు పోయేవాళ్లు. మళ్లీ ఆ గేటు వైపు తిరిగి చూసిన మనిషి లేడు. వాళ్లదీ తప్పు కాదు, బెల్లు కొట్టేవాడిని ఎవడు గుర్తు పెట్టుకుంటాడు? అయినా ఆయనకు మాత్రం కష్టంగానే ఉండేది.

భార్య సైదున్నీసా ఉన్నన్నాళ్లూ ఆ కష్టం అంతగా తెలియలేదు. ఆమె ఐదో తరగతి దాకా చదివింది. వంటింటి బండ మీద బొగ్గుతో మొగుడికి అక్షరాలు దిద్దించింది. "ఊరందరికీ సెప్తావు గానీ, నువ్వెప్పుడు రాస్తావు పరీచ్చ?" అని దెప్పేది. వాళ్లకు పిల్లలు లేరు. మూడేళ్ల కిందట ఆమె జ్వరంతో పోయాక, బడికి సెలవులిస్తే ఆయనతో మాట్లాడే దిక్కు లేకుండా పోయింది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన రెండో ఏడు హెడ్మాస్టరు ఆయన్ని పిలిచి, "ఎనిమిదో తరగతి పరీక్షకు ప్రైవేటుగా కట్టు సాయిబూ. పాసైతే సైన్సు గదిలో అటెండరుగా వేయిస్తాను. ఈ ఒక్కసారే, వచ్చే ఏడు వయసు దాటిపోతుంది," అన్నాడు. గేటు బయట కాకుండా గదిలో, మనుషుల మధ్య కూర్చునే పని. ఆ ఆశ కొద్దీ నలభై నాలుగేళ్ల వయసులో పుస్తకం పట్టాడు.

సెంటరు ప్రొద్దుటూరులో పడింది. రోజూ బస్సులో పోయి కొడుకు వయసు పిల్లల మధ్య కూర్చుని రాశాడు. అన్నీ బాగానే రాశాడు కూడా. ఆఖరి రోజు తెలుగు రెండో పేపరు. తను చెప్పే పద్ధతి ప్రకారమే ముందు పేపరంతా చదివాడు. చివరన తప్పనిసరిగా రాయాల్సిన పాతిక మార్కుల వ్యాసం: మీ ఇంటివారిని గురించి రాయండి. చదవగానే వంటింటి బండ కళ్ల ముందు మెదిలింది. దాన్ని వెనక్కి పెట్టుకుని మిగతావన్నీ రాశాడు. ఆలోగా మొదటి వాక్యం మనసులో కుదిరింది. నా భార్య పేరు సైదున్నీసా.

కలం సిరాలో ముంచబోతూ అలవాటు కొద్దీ కిటికీ నీడ చూశాడు. ఇంక అరగంటే ఉంది. బెల్లు మోగలేదు. ఆ బడి బెల్లు కొట్టే హుమాయున్ వరండాలో స్తంభానికి ఆనుకుని కునుకు తీస్తున్నాడు. ఫకీర్ సాహెబు కాళ్లు ఆయన్ని అడిగి లేవలేదు. నేరుగా వరండాలోకి నడిచి, వేలాడుతున్న రైలు పట్టా ముక్క మీద సుత్తితో ఒక్కటేశాడు. అది ఠంగుమన్నాక గానీ తనెక్కడున్నాడో తెలిసి రాలేదు.

వెనక్కి తిరిగేసరికి హాలులో కాపలా ఉన్న అయ్యవారు గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"చెప్పకుండా బయటికి పోతే మళ్లీ లోపలికి రానివ్వకూడదు. నీకు తెలియని రూలా?"

తెలుసు. ఆ రూలు చెప్పి తను ఎంతమంది పిల్లల్ని గడప బయట ఆపాడో! అందుకే బతిమాలడానికి నోరు రాలేదు. తప్పనిసరి వ్యాసం రాయనివాణ్ణి పాసు చేయరనీ తెలుసు. లోపల పిల్లలు అరగంటే ఉందని గాబరాగా రాసుకుంటున్నారు.

తర్వాత ఊరికి సంగతి తెలిసి, శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందని నవ్వుకున్నారు. నవ్వనీ, నవ్వే నోళ్లకు ఏం పని! ఆ సాయంత్రం బస్టాండులో మాత్రం ఎటు చూసినా తండ్రులు బిడ్డల్ని "ఎట్ల రాస్తివిరా?" అని అడుగుతున్నారు. బస్సు జమ్మలమడుగు చేరేదాకా ఫకీర్ సాహెబును ఆ మాట ఎవరూ అడగలేదు.

ఇల్లు చేరి, తలుపు తీసి, పొయ్యి పక్కన బండ మీద కూర్చున్నాడు. కాసేపటికి తనే పైకి అన్నాడు.

"ఎట్ల రాస్తివి నాయనా?"

ఆయన బండ మీద చెయ్యి పెట్టి మెల్లగా జవాబు చెప్పుకున్నాడు.

"నీ గురించే అడిగినారు సైదా. అదొక్కటే నాకు శానా బాగా వచ్చేది. రాయకుండానే లేస్తి."