ఏజెంటుకు 'లేదు' నేర్పిన రోజులు

'ఆ రోజుల్లో' అని మొదలుపెట్టడానికి నాకింకా వయసు చాలదు. నా మొదటి ఉద్యోగం నిన్నమొన్నటిదే. కానీ ఇంట్లో నెట్ పోయిందని ఫోన్ చేస్తే మనిషికి బదులు ఏఐ ఏజెంటు ఎత్తి తెలుగులో పలకరించడం మా గిద్దలూరులో అప్పుడే కొత్త. ఇప్పుడు దాన్నెవరూ వింతగా చూడరు కాబట్టి అవి ఆ రోజులే అనుకుంటాను. మా ఓనరును ఊరంతా దుకాణం పెదనాయన అనేది, నేనూ అంతే. ముందు గదిలో వాళ్ల నాయన పెట్టిన ఇనుప సామాన్ల దుకాణం, వెనక గదిలో చుట్టుపక్కల ఊళ్లకు ఇంటర్నెట్ ఇచ్చే ఆఫీసు. మేకులకొచ్చినవాళ్లూ నెట్‌కొచ్చినవాళ్లూ ఒకే బల్ల ముందు నిలబడేవాళ్లు.

నాకప్పగించిన పని చెప్పుకోవడానికి చిన్నది. మా దగ్గర లైన్ లుకప్ అని ఒక టూల్ ఉండేది. కనెక్షన్ నంబరు కొడితే ఆ ఇంటి లైను ఏ స్తంభం మీది బాక్సు నుంచి పోతోందో, పని చేస్తోందో పడిపోయిందో నెట్‌వర్కులో వెతికి చెప్తుంది. దాన్ని ఎట్లా వాడాలో, వచ్చిన జవాబుకు అర్థమేమిటో ఏజెంటుకు తెలిసేలా రాసిపెట్టాలి. ఏజెంటుకు మన మొహం చూసి సంగతి గ్రహించే అలవాటు ఉండదు, రాసిందే వేదం. నేనేమో కాలేజీ ప్రాజెక్టు రిపోర్టు తప్ప మరేదీ రాసి ఎరగను. అందుకని ముందుమాట రాశాను, సంస్థ చరిత్ర రాశాను, 'గౌరవనీయులైన ఏజెంటు గారు ముందుగా నంబరు అడగవలసిందిగా ప్రార్థన' అని కూడా రాశాను. (నవ్వకండి. ఎదుటివాళ్లు పెద్దో చిన్నో తెలియనప్పుడు గారు అనడమే మా ఇంట్లో పద్ధతి.)

పెదనాయన ప్రింటు తీయించుకుని, కళ్లద్దాలు తుడుచుకుని, పెళ్లి శుభలేఖ చూసినంత శ్రద్ధగా చదివాడు. ముందుమాట బాగుందన్నాడు. 'నంబరు దొరక్కపోతే లేదు అని చెప్పాలి' అన్న చోట ఆగిపోయాడు.

"ఏంది పాపా ఇది? ఫోన్ చేసినోళ్లకు మొకం మీదనే లేదంటామా?"

"నంబరు లేకుంటే ఇంకేమనాల పెదనాయనా?"

"మా నాయన ఈ గల్లాపెట్టె ముందర కూసొని ఒక్కనాడన్నా లేదనలా. బోణీ కాకముందు నేనొకసారి అంటే వీపు పగిలింది. సరుకు లేకుంటే 'వస్తాది, కాసేపాగి రా' అనాల. అట్లనే రాయి."

ఆయన దుకాణం నడిపేది నిజంగా అట్లాగే. తలుపు గడియలు అయిపోయి ఎన్నాళ్లైనా 'వస్తాయి' అనేవాడు. ఊళ్లోవాళ్లకు ఆయన గొంతు తెలుసు కాబట్టి నవ్వుకుని ఎదుటి దుకాణానికి పోయేవాళ్లు. నేను అట్లాగే 'చూస్తున్నాం, కాసేపాగి చేయండి' అని మార్చాను.

కొన్నాళ్లకు ఒక సాయంత్రం రాచర్ల అవతలి ఊరి నుంచి గొర్రెలు మేపుకునే చిన్నమ్మ అనే ఆమె కూతుర్ని వెంటబెట్టుకుని ఆటో దిగింది. ఆ పిల్ల ఇంజనీరింగ్ కాలేజీకి వెబ్ ఆప్షన్లు పెట్టుకోవడానికి ఆ రోజే ఆఖరు. ఇంట్లో నెట్ లేదు, వాళ్ల ఊళ్లో సెల్ సిగ్నల్ మాటలకు తప్ప నెట్‌కు చాలదు.

"ఎవురమ్మా మీ ఫోన్లో మాట్లాడే పిల్ల? పొద్దున్నుంచి చూస్తన్నాం ఆగు, చూస్తన్నాం ఆగు అంటాది. ఏం మర్యాద! దాన్ని నమ్మి గొర్లను గూడా తోలకుండా కూసున్నా. లేదని ఒక్క మాట చెప్పుంటే అప్పుడే ఆటో ఎక్కేదాన్ని గదా!"

నంబరు కొట్టి చూశాను. ఆ పక్క లైన్లను మేము తీసుకోకముందు పాత కేబులాయన ఇచ్చిన నంబరు అది, మా లెక్కల్లోకి ఎక్కలేదు. టూల్ పొద్దున్నుంచీ లేదనే చెబుతోంది, ఏజెంటు మాత్రం మేం నేర్పినట్టే ఆగమంటోంది. పిల్ల గోడ వైపు తిరిగి చున్నీతో కళ్లు తుడుచుకుంది.

పెదనాయన లేచాడు. ఎవరినీ కూర్చోనివ్వని తన కుర్చీలో ఆ పిల్లను కూర్చోబెట్టి, తన కంప్యూటరు ఆమె వైపు తిప్పి, తలుపు దగ్గర కాపలా నిలబడ్డాడు. వెబ్‌సైటు తెరుచుకోవడానికి మొరాయిస్తోంది. అంతలో ఒకాయనొచ్చి మేకులున్నాయా అన్నాడు.

"లేవు."

"అదేంది, మూట కనపడతానే ఉంది గదా?"

"లేవంటే లేవు. పోయి ఎదురుగా అడుగు."

ఆయన నోట నేను విన్న మొదటి లేదు అదే, అది కూడా ఉన్న సరుకుకు. నవ్వు రావాల్సింది, కానీ ఆయన మొహం చూశాక రాలేదు. ఆప్షన్లు సేవ్ అయ్యాయని పిల్ల అరిచాకే ఆయన తలుపు వదిలాడు.

"రాయి పాపా," అన్నాడు. "లేకుంటే లేదు అనాల. ఆగమనగూడదు. ఆఫీసుకు రమ్మనాల, ఈడ మనిషుంటాడని చెప్పాల." నా ముందుమాటా, సంస్థ చరిత్రా, ప్రార్థనలూ ఆ రోజే ఎగిరిపోయాయి.

ఆ పిల్లకు ఒంగోలులో సీటొచ్చింది. నేను వేరే ఊళ్లో ఉద్యోగానికి వచ్చేశాను. మొన్నొక మధ్యాహ్నం ఎందుకో మనసు మళ్లి ఆ ఆఫీసుకు ఫోన్ చేసి, నా పాత కనెక్షన్ నంబరు చెప్పాను. ఏజెంటు తడుముకోలేదు. "ఈ నంబరు మా దగ్గర లేదండి. మీరు ఆగొద్దు. గిద్దలూరు ఆఫీసుకు రండి, ఇక్కడ మనిషి ఉంటాడు."

ఆ మాటలు రాసింది నేనే. అయినా పెదనాయనే పిలిచినట్టయి, ఫోన్ పెట్టేసి గిద్దలూరు బస్సులు ఎప్పుడెప్పుడున్నాయో చూశాను.