మస్తాన్‌గారి చేతికి సరిపడిన గాలం

2003లో నేను గుంటూరులోని ఒక ట్రస్టు ఆసుపత్రిలో సీనియర్ ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. మా విభాగం ఎముకల డాక్టరుగారి కింద ఉండేది. ఆపరేషన్ ఆయన చేసేవారు. గాయం మానాక రోగిని మా దగ్గరికి పంపేవారు. బిగుసుకుపోయిన కీళ్లను కదిలించడం, నీరసించిన కండకు మళ్లీ బలం పట్టించడం మా పని. పత్తి సీజన్ వచ్చిందంటే జిన్నింగ్ మిల్లుల నుంచి చేతి గాయాలతో చాలామంది వచ్చేవారు. పత్తి నుంచి గింజను వేరుచేసే మిల్లులవి. ఎక్కడ చూసినా బెల్టులు తిరుగుతూనే ఉంటాయి.

షేక్ మస్తాన్‌వలి గారు ఆ ఏడాది వేసవి మొదట్లో మా దగ్గరికి వచ్చారు. నల్లపాడు వైపు ఒక మిల్లులో ఫోర్‌మన్, యాభై దాటిన మనిషి. పత్తి ఎత్తే ఒకామె పైట బెల్టులో పడితే, ఆమెను వెనక్కి లాగబోయి తన కుడి చెయ్యి ఇరికించుకున్నారు. ఆమెకేమీ కాలేదు. ఈయన అరచేతిలో వేళ్లను ముడిచే నరాలు తెగాయి. మేం స్నాయువులంటాం గానీ, మా రోగులందరికీ అవి నరాలే. డాక్టరుగారు వాటిని చక్కగా కలిపారు. అయినా వేళ్లు ముడుచుకోలేదు.

మెత్తటి రబ్బరు బంతి నొక్కించాను. మైనం ముద్ద పిసికించాను. పిడికిలి బలం కొలిచే మీటరు ఒకటి ఉండేది. దాని ముల్లు వారం వారం ఉన్నచోటే ఉండేది. చెప్పినదల్లా చేసేవారు, కానీ మనసు పెట్టేవారు కాదు. కుడి చేతిని ఎప్పుడూ తువ్వాలు కింద దాచుకుని కూర్చునేవారు. ఇంట్లో భార్య హుస్సేన్‌బీ అన్నం కలిపి ముద్దలు చేసి పెడుతోంది. చెయ్యి ఇలాగే ఉంటే కొత్త సీజన్ నుంచి గేటు దగ్గర కూర్చోమన్నారట మిల్లు యజమాని.

"కుర్చీ వేయిస్తానన్నాడండి మేడమ్‌గారూ. ఫ్యాను కూడా పెట్టిస్తాడంట," అన్నారు ఒకరోజు. ఆ మాట అనడానికి ఆయన ఎంత అవమానపడ్డారో ముఖంలోనే తెలిసింది.

హుస్సేన్‌బీ మాత్రం మొహమాటం లేని మనిషి. బల్ల మీది బంతి వైపు చూసి, "ఈయనకి బంతి ఇస్తే ఏం లాభం అమ్మా? గాలం ఇవ్వండి, అప్పుడు చూడండి," అంది.

పెళ్లయినప్పటి నుంచి ఆయన ఆదివారాలన్నీ పొన్నూరు దగ్గర కాలువ గట్టు మీదే గడిచాయని ఆమె ఫిర్యాదు. చేపలు తెచ్చిన రోజులు తక్కువే. "తేని రోజే నయం, గుడ్ల కూర వండుకునేవాళ్లం," అని కూడా చెప్పింది. బాపట్లలో ఉండే ఆమె తమ్ముడు బాషా సముద్రం ఒడ్డున, దారం చుట్టే రీలున్న గాలంతో చేపలు పడతాడు. రమ్మని ఏళ్లుగా పిలుస్తున్నాడు. ఈయనకు మిల్లు వదిలి వెళ్లడం కుదరలేదు.

సముద్రపు చేప కాలువ చేపలాగే ఎర తింటుందా అని అడిగాను. ఆ రోజు మస్తాన్‌గారు నాతో మాట్లాడినంత అంతకుముందు నెలంతా కలిపి మాట్లాడలేదు. చెబుతూ చెబుతూ తువ్వాలు కిందనుంచి కుడి చెయ్యి బయటికి తీసి, అల ఎలా వస్తుందో చూపించారు.

డాక్టరుగారి అనుమతి లేకుండా మేం ఏ కొత్త వ్యాయామమూ మొదలుపెట్టకూడదు. గాలంతో చేయించవచ్చా అని వెళ్లి అడిగాను. తేలికపాటి పట్టుకు అభ్యంతరం లేదన్నారాయన. ఒక్కసారిగా బరువు పడకూడదని, కలిపిన నరం మళ్లీ తెగితే రెండోసారి తానేమీ హామీ ఇవ్వలేనని హెచ్చరించారు. అంటే ఎలాంటి గాలం కొనాలన్నది ఇక చేపల సంగతి మాత్రమే కాదు.

ఒక సెలవురోజు ముగ్గురం బెజవాడ వెళ్లాం. ఆటవస్తువుల దుకాణంలో ఒక మూలన గాలం సామాను అమ్మేవారు. మస్తాన్‌గారు నేరుగా వెళ్లి పన్నెండడుగుల రాడ్డు దగ్గర నిలబడ్డారు. బాషాది అలాంటిదేనట. ఒడ్డున నిలబడి అలలు దాటించి విసరాలంటే పొడుగు కావాల్సిందే అన్నారు. షాపాయన కూడా తలూపాడు.

"విసరడం సరేనండి. ముందు దాన్ని అడ్డంగా పట్టుకుని నిలబడండి," అన్నాను.

పట్టుకున్నారు. పొడుగు పెరిగేకొద్దీ కొస బరువంతా మణికట్టు మీద పడుతుంది. కాసేపటికే కొస కిందికి వాలింది. ఆయన రాడ్డును యథాస్థానంలో ఆనించి, బయటికెళ్లి మెట్టు మీద కూర్చున్నారు. హుస్సేన్‌బీ వెళ్లి పక్కన కూర్చుంది. ఆమె ఏం చెప్పిందో నాకు వినపడలేదు. వాళ్లు లోపలికి వచ్చేసరికి నేను షాపాయనతో మరో రాడ్డు తీయించి పెట్టాను. తొమ్మిదడుగులది, ఫైబరుది, తేలిక. పిడికి మందమైన బెండు తొడుగు ఉంది. పూర్తిగా ముడవని వేళ్లకు సన్న పిడి కంటే లావు పిడే అందుతుంది.

రీలు విషయంలో ఇంకా వాదన జరిగింది. మామూలుగా రాడ్డును కుడి చేత్తో పట్టుకుని ఎడం చేత్తో రీలు తిప్పుతారు. నేను రీలు తిప్పే పిడిని కుడివైపుకి మార్చి బిగించమన్నాను. రాడ్డును బిగబట్టి ఉంచడం దెబ్బతిన్న చేతికి కష్టం. రీలు తిప్పడమంటే వేళ్లు పట్టడం, వదలడం, మణికట్టు తిరగడం. నేను రోజూ చేయించే వ్యాయామం అదే.

"ఎడం చేత్తో గాలం పట్టుకుంటే చేపలు నవ్వుతాయి మేడమ్‌గారూ."

"నవ్వడానికైనా నోరు తెరవాలిగా," అంది హుస్సేన్‌బీ. షాపాయన నవ్వాపుకోలేకపోయాడు. మస్తాన్‌గారూ నవ్వారు. ఆయన నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి.

ఉప్పునీటికి ఇనుము నిలవదు కాబట్టి లోపల తుప్పు పట్టని బేరింగులున్న రీలు తీసుకున్నాం. ఇంటికొచ్చాక మంచినీళ్లతో కడగడం మర్చిపోవద్దని షాపాయన చెప్పాడు. నేను పట్టుబట్టి చూసింది మాత్రం రీలు మీది బిగింపు మర. దాన్ని డ్రాగ్ అంటారు. చేప గట్టిగా లాగితే దారం తెగకుండా రీలు తనంతట తానే జారి కాస్త దారం వదులుతుంది. దారం కోసం పెట్టిన ఆ ఏర్పాటు కలిపిన నరాన్ని కూడా కాపాడుతుందని నాకు తోచింది. స్ప్రింగు తూకం కట్టి లాగి చూసి, ఆయన చేతికి ఎంత బిగింపు పనికొస్తుందో అక్కడే నిర్ణయించాను. రీలు పిడికి సైకిలు ట్యూబు ముక్క చుట్టి లావు చేశాం.

ఆ తర్వాత రోజూ సాయంత్రం ఆసుపత్రి వెనక ఖాళీ స్థలంలో సీసం గుండు కట్టి విసరడం, చుట్టడం. వార్డులోని రోగులు కిటికీల దగ్గర చేరి సలహాలిచ్చేవారు. ఎడం చెయ్యి రీలు దగ్గర, కుడి చెయ్యి పిడి అడుగున ఉండేలా విసరడం నేర్చుకున్నారు. మీటరు ముల్లు మెల్లగా కదలడం మొదలైంది.

వానలు తెరిపిచ్చాక ఒక ఆదివారం ఉదయం సూర్యలంక వెళ్లాం. నన్నూ రమ్మని పట్టుబట్టారు. బాషా పచ్చిరొయ్యలు తెచ్చి ఎర గుచ్చి ఇచ్చాడు. చాలాసేపు ఏమీ పడలేదు. హుస్సేన్‌బీ టిఫిను గిన్నె విప్పుతుండగా రాడ్డు కొస వంగింది.

దారం సర్రున జారింది. బాషా పరుగెత్తి వచ్చి, "బావా, ఇటివ్వు, చేతికి దెబ్బ తగులుద్ది," అంటూ రాడ్డు అందుకోబోయాడు.

"వదులు బాషా. నేను చూసుకుంటా," అన్నారు మస్తాన్‌గారు.

నాకూ భయం వేసింది. ఆ మర జారకపోతే ఏమవుతుందో అక్కడున్న వాళ్లలో నాకే బాగా తెలుసు. అది జారింది. చేప లాగినప్పుడు ఆయన వదిలారు, అలిసినప్పుడు చుట్టారు. చివరికి మోచేతి పొడవు సముద్రపు జెల్ల ఒకటి ఇసక మీదికి వచ్చింది. జెల్లకు విషపు ముళ్లుంటాయి. అందుకని బాషా దాని పని చూస్తున్నాడు.

అప్పుడు మస్తాన్‌గారికి ముఖం మీది ఉప్పునీళ్లు తుడుచుకోవాల్సి వచ్చింది. రాడ్డును కుడి చేతికి మార్చుకుని, ఎడం చేత్తో తువ్వాలు అందుకున్నారు. కుడి చేతి వేళ్లు బెండు పిడి చుట్టూ ముడుచుకుని ఉన్నాయి. ఆయన చూసుకోలేదు. బాషాతో ముళ్ల గురించి ఏదో చెబుతూనే ఉన్నారు. హుస్సేన్‌బీ చూసింది. నేను నోరు తెరవబోతుంటే నా మోచెయ్యి పట్టుకుని ఆపి, చెప్పవద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

సీజన్ మొదలయ్యాక ఆయన మిల్లు లోపలికే, ఫోర్‌మన్‌గానే వెళ్లారు. చిటికెన వేలు పూర్తిగా ముడవలేదు, ఇక ముడవదు కూడా. అన్నం మాత్రం తానే కలుపుకుని తింటున్నారని హుస్సేన్‌బీ వచ్చి చెప్పింది.

ఆ తర్వాత పదవీ విరమణ వరకు నా దగ్గరికి వచ్చిన ప్రతి చేతి రోగినీ పరీక్ష కంటే ముందు ఒకే ప్రశ్న అడిగేదాన్ని: ఈ చేత్తో మీరు మళ్లీ ఏం పట్టుకోవాలనుకుంటున్నారు? వ్యాయామం దాన్ని బట్టి నిర్ణయించేదాన్ని. బంతి అందరికీ ఒకటే. పట్టుకోవాలనుకునే వస్తువు మాత్రం ఎవరిది వారిదే.