ఉక్కులా కనిపించాల్సిన నాలుగక్షరాలు

భిలాయిలో పుట్టి పెరిగినవాడు కంప్యూటర్లో ఉక్కు అక్షరాలు తయారు చేయకూడదు. ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. చెప్పినా వినేవాణ్ణి కాదనుకోండి. బి.కాం. చదివాను కదా.

పవర్ హౌస్ మార్కెట్లో, స్టేషన్ వైపు తిరిగే సందులో, ఒక ఫ్లెక్సీల కొట్టులో నేను డిజైనర్ని. అంటే నాయకుల మొహాల మీద మచ్చలు తీసేసి, పుట్టినరోజు పిల్లల చుట్టూ బెలూన్లు పెట్టేవాణ్ణి. అంతకుముందు ఊరి పక్కన జాముల్ అనే చోట ఒక కాంట్రాక్టరు దగ్గర కూలీల హాజరు రాసేవాణ్ణి. అది మానేసి ఈ పనిలో చేరతానన్నప్పుడు మా నాన్న నాతో మాట్లాడడం మానేశాడు. ఆయన మొదట్నుంచీ పెద్ద మాటకారి కాదు కాబట్టి మూడు రోజుల దాకా నాకా విషయం తెలియలేదు.

అప్పుడు నా తరఫున మాట్లాడింది మా మావయ్య, అమ్మ తమ్ముడు. ఉక్కు ప్లాంటులో ఆయన ప్లేట్లు చూసే ఇన్‌స్పెక్టరు. ప్లేటంటే అన్నం తినేది కాదు. ఓడలకీ వంతెనలకీ వాడే, గదంత వెడల్పు ఉక్కు పలక. అది చల్లారాక మావయ్య టార్చిలైటు పట్టుకుని దాని చుట్టూ నడుస్తాడు. ఎక్కడైనా గుంటో, పొరో, చీలికో కనిపిస్తే జేబులోంచి సుద్దముక్క తీసి సున్నా చుడతాడు. సున్నా పడిందంటే ఆ ప్లేటు మొదటి రకం కింద గేటు దాటదు. ముప్పై నాలుగేళ్ళు ఆయన చేసిన పని అదే. ఆయన చొక్కా జేబులన్నిటికీ అడుగున తెల్లటి పిండి ఉండేది. అత్త ఉతికీ ఉతికీ ఊరుకుంది.

ఆ రోజు మా హాల్లో కూర్చుని మా నాన్నతో అన్నాడు: "బావా, ఈడికి కన్నుందోయ్. నా కన్నే వొచ్చింది. హాజరు పుస్తకాలు రాయించి పాడుసెయ్యకు."

మర్నాడు మా నాన్న నన్ను "అన్నం తిన్నావా?" అని అడిగాడు. మా ఇంట్లో అది రాజీనామా ఆమోదించడమన్నమాట.

అందుకని మావయ్య రిటైరవుతున్నాడని తెలిసినప్పుడు, ఇంటి ముందు కట్టే ఫ్లెక్సీ నేను చేస్తానని నేనే ముందుకొచ్చాను. ఇక్కడ పద్ధతి ఏమిటంటే, ఆఖరి డ్యూటీ రోజున పనివాళ్ళు రిటైరయ్యే మనిషిని బంతిపూల దండల్లో ముంచి, జీపెక్కించి, డప్పులతో క్వార్టరు దాకా తీసుకొస్తారు. గుమ్మం దగ్గర హారతి. పైన పేరుతో ఫ్లెక్సీ. ఇంతవరకూ నేను చేసినదేదీ మావాళ్ళెవరూ చూడలేదు. ఇది చూస్తారు. అన్నిటికంటే ముఖ్యంగా ఆ కన్ను చూస్తుంది. నా గురించి ఆయన అన్న మాట తప్పు కాదని నాలుగక్షరాల్లో తేలాలి. మావయ్య పేరుకి సరిగ్గా నాలుగక్షరాలే.

"గంట పనిలే అత్తా," అన్నాను.

మావయ్యకి తెలియకుండా చేయాలని, డిజైను సరిచూసే బాధ్యత ఆయన స్నేహితుడొకాయన తీసుకున్నాడు. శ్రీకాకుళం మనిషి, మావయ్యతోపాటు అదే ప్లేట్ల మిల్లులో క్రేన్ నడిపి రెండేళ్ళ ముందు రిటైరయ్యాడు. మేమంతా క్రేన్ బాబాయి అంటాం. నేల మీద ఉన్నప్పుడు కూడా ఆయన ఎత్తున కూర్చున్నట్టే మాట్లాడతాడు.

ముందు గాజు అక్షరాలు చేశాను. గరుకు గాజు, లోపల అలలు అలలుగా ఉండేది. నేను చూసిన వీడియోలో కుర్రాడు "దోస్తోం, సిర్ఫ్ పాంచ్ మినట్" అన్నాడు, ఐదే నిమిషాలని. అందులో మూడు నిమిషాలు మా కంప్యూటరుకి ఆ సాఫ్ట్‌వేర్ తెరవడానికే సరిపోయాయి. పద్ధతి కష్టమేమీ కాదు. గరుకు గాజు ఫొటో ఒకటి తీసుకుని, దాని ఎత్తుపల్లాల ప్రకారం వెనకున్న బొమ్మని అక్షరాల్లోపల వంకర తిప్పాలి. అక్షరం రంగు పూర్తిగా తీసేసి అంచులు మాత్రం ఉంచాలి. అంచుకి ఒకవైపు వెలుగు, ఇంకోవైపు నీడ.

కాకపోతే ఈ వీడియోలన్నీ ఇంగ్లీషు అక్షరాలతో చేసినవి. వాటికి మూలలుంటాయి, మెరుపు వెళ్ళి మూలలో బుద్ధిగా నిలబడుతుంది. మన అక్షరాలకి మూలలేవి? మెరుపు గుడి పట్టుకుని జారి, కింద ఒక చుట్టు తిరిగి, ఎటు పోవాలో తోచక తలకట్టు మీద చతికిలబడింది. తలకట్టేమో మిగతా అక్షరంతో సంబంధం లేనట్టు గాలిలో తేలింది. రోజంతా దాన్ని కిందికి దింపడానికే పోయింది.

క్రేన్ బాబాయి వచ్చి, కళ్ళజోడు పైకి తోసి చూశాడు.

"ఇదేట్రా?"

"గాజు, బాబాయ్."

"అదే, బాత్రూం కిటికీ. పేరు ఎనకాల ఎవుడో తానం సేస్తన్నట్టుంది."

"కొత్త స్టైలు ఇది."

"మీ మావయ్య గాజు కొట్టులో పనిసేసేడేట్రా? ఉక్కు సెయ్యి. ఉక్కు మనిషికి ఉక్కు పేరుండాల."

న్యాయమే అనిపించింది. ఆ అనిపించడంతోనే నా వారం పోయింది.

రెండోది తళతళా మెరిసే వెండిరంగు అక్షరాలు. తెలుపు, నలుపు, మళ్ళీ తెలుపు చారలు పేర్చి, అంచులకి వంపు తెచ్చి, మధ్యలో ఆకాశం ప్రతిఫలించినట్టు నీలం జీర వేశాను. దానికి ఒకదాని మీద ఒకటి పన్నెండు లేయర్లయ్యాయి. పన్నెండో లేయరు దగ్గర కంప్యూటరు ఉరిమినట్టు శబ్దం చేసి ఆగిపోయింది. నేను సేవ్ చేసింది ఏడో లేయరు దగ్గర. సేఠ్, అంటే కొట్టు యజమాని, వెనక నుంచి "భాయ్, ఇత్నీ చమక్ కిస్‌కేలియే?" అన్నాడు, ఇంత మెరుపు ఎవరికోసమని. మిగిలిన ఐదు లేయర్లూ మళ్ళీ కట్టాను.

"గిన్నెల కొట్టోడు రిటైరవుతున్నాడా?" అన్నాడు క్రేన్ బాబాయి. "ఇది టిఫిన్ డబ్బా ఉక్కురా. మన మిల్లులో చెంచాలు సేస్తారేటి?"

మూడోది సన్నటి గీతలతో, రుద్దినట్టుండే లోహం.

"లిఫ్టు తలుపు."

నాలుగోది కొంచెం ముదురు.

"ట్రంకు పెట్టె."

ఐదోదానికి ఏమీ అనలేదు. టీ తెప్పించమన్నాడు. అది మరీ అవమానం.

ఈ ఊళ్ళో వచ్చిన చిక్కు ఇదే. ఇంకో ఊళ్ళో అయితే మెరిసేదల్లా ఉక్కే, జనం చూసి "అబ్బ" అని పోతారు. ఇక్కడ ప్రతి ఇంట్లోనూ ఒకడు దాన్ని ఎర్రగా ఉన్నప్పటి నుంచీ ఎరుగును. ప్లాంటు క్వార్టర్లుండే సెక్టార్లలో ఏ గుమ్మం ముందు ఆగి అడిగినా ఉక్కు రంగు గురించి అరగంట చెబుతారు, ఏ ఇద్దరూ ఒకే రంగు చెప్పరు. ఆఖరికి అత్తని అడిగాను. "నాకేటి తెలుసు నాయనా, నేను సూసింది సుద్ద మరకలే," అంది.

మావయ్య ఆఖరి డ్యూటీకి ఇంకా మూడు రోజులుందనగా విసుగు పుట్టి, దొంగ ఉక్కు మానేసి అసలు ఉక్కునే ఫొటో తీద్దామనుకున్నాను. పొద్దున్నే బండేసుకుని జాముల్ రోడ్డెక్కాను. అక్కడ గేట్లూ గ్రిల్లులూ చేసే వెల్డింగు షాపులున్నాయి. ఒక షాపు ముందు గోడకి ఒక ప్లేటు ముక్క ఆనించి ఉంది. నా జన్మలో అంత అందమైన ఉక్కు చూడలేదు. నీలం కలిసిన నలుపు. అక్కడక్కడా చిన్న చిన్న గుంటలు. ఒక పక్కన నది పాయలా పొడుగాటి మడత. మధ్యలో పొలుసులు లేచిన చోట లేత గోధుమ రంగు. పక్కనుంచి ఎండ పడి ప్రతి గీతకీ నీడ ఉంది. ఆ నీడల కోసమే కదా నేను వారం రోజులు కొట్టుకున్నది.

"భయ్యా, ఒక ఫొటో తీసుకోనా?" అన్నాను హిందీలో.

వెల్డరు నన్నూ ప్లేటునీ మార్చి మార్చి చూశాడు. "పెళ్ళి సంబంధానికా?" అన్నాడు.

ఫొటోలో ఒకే లోపం. మడత చుట్టూ ఎవరో సుద్దతో పెద్ద సున్నా చుట్టి, పక్కన ఏదో గిలికారు. షాపువాళ్ళ కొలతలు కాబోలనుకున్నాను. పక్కనున్న శుభ్రమైన చోటు నుంచి కొంచెం కొంచెం తీసి సుద్ద మీద అద్దుకుంటూ, ఒక్క చుక్క కూడా తెలియకుండా చెరిపాను. చాలాసేపు పట్టింది. చెప్పుకోకూడదు గానీ, ఆ వారం మొత్తంలో నాకు తృప్తినిచ్చిన పని అదొక్కటే.

ఆ ఫొటోని అక్షరాల్లో కూర్చాను. వెలుగు ఎండ వచ్చిన వైపు నుంచే ఇచ్చాను. తలకట్టు దానంతటదే దిగి తన చోట కూర్చుంది.

క్రేన్ బాబాయి వచ్చాడు. కళ్ళజోడు తోశాడు.

"ఇదిరా మనది," అన్నాడు చివరికి. "ముప్పై ఏళ్ళు దీన్నే ఎత్తి దింపేను."

ఎంత ఎత్తు నుంచి చూస్తూ ఎత్తి దింపాడో నేను అడగలేదు. అడగాల్సింది.

ఆఖరి రోజు మధ్యాహ్నం, సెక్టార్లో వాళ్ళ క్వార్టరు ముందు ఫ్లెక్సీ కట్టాం. దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు. ఒకతను వేలితో గీరి కూడా చూశాడు. మా నాన్న దాని కింద నిలబడి రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. ఆయన లెక్కలో అది ఉపన్యాసం.

డప్పులతో జీపు వచ్చింది. బంతిపూల మధ్యనుంచి మావయ్య దిగాడు. అత్త హారతి పళ్ళెంతో సిద్ధంగా ఉంది. మావయ్య తలెత్తి ఫ్లెక్సీ చూశాడు. నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, గుమ్మం వైపు కాకుండా ఫ్లెక్సీ వైపు నడిచాడు. దగ్గరికెళ్ళి, తల పక్కకి వంచి, ఏటవాలుగా చూశాడు. డప్పులు ఒకటొకటిగా ఆగిపోయాయి. ఆయన చెయ్యి మెల్లగా జేబులోకి వెళ్ళింది.

సుద్దముక్క బయటికొచ్చింది. రెండో అక్షరం నడుం మీద, నది పాయలాంటి ఆ మడత చుట్టూ సున్నా చుట్టాడు. ఫ్లెక్సీ మీద సుద్ద సరిగ్గా పట్టదు. అందుకని మళ్ళీ చుట్టాడు. మూడో అక్షరంలో గుంటలకి ఇంకో సున్నా. నాలుగో దాంట్లో పొలుసులకి ఒకటి. మొదటి అక్షరాన్ని వదిలేశాడు.

"ఏటండీ అది, హారతి ఆరిపోతంది," అంది అత్త.

"ఉండెహె." నా వైపు తిరిగాడు. "ఈ ప్లేటెక్కడిదిరా?"

"జాముల్ రోడ్డులో, మావయ్యా. వెల్డింగు షాపు దగ్గర."

"సెకండ్స్ అది. మేం పక్కన పెట్టేస్తే గేట్లకీ షట్టర్లకీ కొనుక్కుంటారు." వేలితో మడత చూపించాడు. "దాని మీద చాక్ లేదేటి?"

"ఉంది, మావయ్యా."

"మరేది?"

"చెరిపేశాను," అన్నాను. అక్కడితో ఊరుకోవాల్సింది. "గంట పైనే పట్టింది," అని కూడా అన్నాను.

ముప్పై నాలుగేళ్ళు ఆయన పెట్టిన గుర్తుని నేనొక్కడినే, ఎవరూ అడక్కుండా, అంత శ్రద్ధగా చెరిపాను. ఆయన మొదటి రకం కింద గేటు దాటనివ్వని ప్లేటుని ఆయన పేరులోనే పెట్టి ఆయన గుమ్మానికి కట్టాను. మా నాన్న మళ్ళీ గొంతు సవరించుకున్నాడు. క్రేన్ బాబాయి ఆకాశం వంక చూశాడు.

"నా కన్నే వొచ్చిందని అన్నావు మావయ్యా," అన్నాను. వేళాకోళంగా అనబోయాను, అలా రాలేదు.

ఆయన ఫ్లెక్సీ వంక ఇంకోసారి చూశాడు. "వొచ్చింది. ఎండ పక్కనుంచి పడేటప్పుడు తీసేవు సూడు, మేం టార్చీ అలగే పడతాం. ఒక్క లోపం కూడా వొదల్లేదు నువ్వు. అన్నీ పట్టేవు." సుద్దముక్క జేబులో వేసుకున్నాడు. "అవి లోపాలని తెలీలేదంతే."

అప్పుడు వెళ్ళి హారతి తీసుకున్నాడు.

హాల్లో పెట్టుకోవడానికి అదే పేరు ఫ్రేము కట్టించమని అత్త అడిగింది. ఈసారి మంచి ప్లేటు కావాలన్నాను. అదెలా ఉంటుందో మావయ్య చెప్పాడు. "మంచి ప్లేటు మీద ఏటీ ఉండదురా. మెరుపుండదు, మచ్చుండదు. సూట్టానికేటీ లేకపోడమే." అలాగే చేశాను. నాలుగక్షరాలూ ఎంచుకుని బూడిదరంగు నింపాను. ఒక్క నొక్కు. పన్నెండు లేయర్లు, ఆరు రకాలు, జాముల్ ప్రయాణం, చివరికి మూడేళ్ళ పిల్లవాడు చేయగలిగిన పని. మావయ్య దాన్ని ఐదు నిమిషాలు చూసి, సుద్ద తీయకుండా తలూపాడు.

ఇప్పుడు ఆయనకి డ్యూటీ లేదు. రోజూ పదింటికి ప్లాంటు బూట్లేసుకుని కొట్టుకొచ్చి, నా వెనక స్టూలు మీద కూర్చుంటాడు. సేఠ్ ముందు కంగారుపడ్డాడు, ఇప్పుడు "మామాజీ" అని టీ ఇస్తున్నాడు. పనిలో ఏదైనా తేడా కనిపిస్తే మావయ్య మాట్లాడడు. నా భుజం మీదుగా చెయ్యి చాపి, మానిటరు మీదే సున్నా చుడతాడు. అద్దం మీద గీరుకుంటున్న ఆ శబ్దానికి నా పళ్ళు జివ్వుమంటాయి.

మొన్న ఒక నాయకుడి చెంప మీద చుట్టాడు. చూస్తే, మచ్చ తీసేటప్పుడు పొరపాటున ఆయన మీసంలో సగం కూడా తీసేశాను. మీసం తిరిగి పెట్టాను. ఆ తర్వాతే గుడ్డ తీసుకుని సుద్ద తుడిచాను. ఆ వరసలో.