వెంకటరత్నం మొక్కలు చావవు

"మొక్క చచ్చిపోయింది" అన్న మాట వెంకటరత్నం నోట ఇరవై ఏడేళ్లలో ఎవరూ వినలేదు. మొక్క ఎండి కట్టెపుల్లయిపోయినా, మేక వచ్చి మొదలంటా నమిలేసినా, ఆయన వంగి చూసి, గడ్డం గోక్కుని, "సిక్ అయ్యిందమ్మా, అంతే" అనేవాడు. జేబులోంచి సుద్దముక్క తీసి, మొక్కకు కట్టిన నంబరు రేకు మీద అడ్డంగా ఓ గీత గీసేవాడు. వారం తిరక్కుండా ఆ మొక్క ఫిట్ అయ్యేది. ఎలాగని అడిగితే, "మందేశాను" అనేవాడు. ఏం మందో చెప్పేవాడు కాదు.

ఈ సిక్, ఫిట్ భాష ఆయనకు పిత్రార్జితం. తండ్రి పున్నయ్య శ్రీకాకుళం నుంచి వచ్చి, రాయ్‌పూర్ రైల్వే వ్యాగన్ల కార్ఖానాలో ఫిట్టరుగా చేశాడు. అక్కడ వ్యాగన్ పాడైందని ఎవరూ అనరు, సిక్ అయిందంటారు. చక్రాలు మార్చి, తలుపులు మార్చి, రేకులన్నీ మార్చి బయటికి తోసేటప్పుడు ఫిట్ అంటారు. ఒక్కోసారి పాత బండిలో మిగిలేది నంబరొక్కటే. "నంబరున్నంత కాలం బండి ఉన్నట్టేరా" అని పున్నయ్య కొడుక్కి చెప్పి కన్నుమూశాడు. కొందరు తండ్రులు పొలాలిచ్చి పోతారు, ఈయన ఆ ఒక్క ముక్క ఇచ్చిపోయాడు. కొడుకు దాన్ని పట్టుకుని ధర్సీవా రోడ్డులో ఒక కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో అటెండరుగా చేరాడు.

ఆ కాలేజీలో ఒక నియమం ఉంది. చేరిన ప్రతి విద్యార్థీ ఒక మొక్క నాటాలి. మూడో ఏడు చివర అది బతికుంటే పర్యావరణం పేపరులో పది మార్కులు, లేకపోతే గుండుసున్నా. రాయ్‌పూర్ మే నెల ఎండ ఒక్కరోజు తిన్నవాడెవడూ ఇలాంటి నియమం పెట్టడు. అయినా అక్కడ ఏ మొక్కా చావలేదు. తలుచుకుంటే కాస్త ఒళ్లు జలదరించే సంగతే గానీ, మార్కులొస్తున్నంత కాలం ఎవరు తలుచుకుంటారు?

తలుచుకున్నది మాలతి. అదే కాలేజీలో చదివి, పదిహేనేళ్ల తర్వాత అక్కడికే పర్యావరణం లెక్చరరుగా వచ్చింది. ఆమె మొక్క నంబరు నలభై మూడు, ఇప్పుడది రెండంతస్తుల ఎత్తు వేపచెట్టు. దాని కథ ప్రతి క్లాసులోనూ చెప్పేది.

"2009 మే నెలంతా నాకు కామెర్లు. మంచం దిగలేదు. నా మొక్కకు చుక్క నీళ్లు పోసిన దిక్కు లేదు. తిరిగొచ్చేసరికి పచ్చగా నిలబడి నాకోసం చూస్తోంది! నిష్ఠ ఉంటే మొక్క బతుకుతుంది. నా దగ్గర సాకులు చెప్పకండి."

క్లాసులో చెప్పని ముక్క ఒకటుంది. తను నాటింది కానుగ మొక్క అని ఆమెకు గుర్తు. వాళ్లమ్మ మాత్రం, "కామెర్లు తలకెక్కి అలా అనిపించిందే" అని కొట్టిపారేసింది. ఇప్పుడా చెట్టు కింద టిఫిను డబ్బా విప్పినప్పుడల్లా, పైనుంచి అది తనను చూసి ఏదో దాస్తున్నట్టు మాలతికి తోచేది. గబగబా తినేసి లేచిపోయేది.

ఈ ఏడు హరిత కాలేజీ సర్టిఫికెట్ ఇవ్వడానికి బయటినుంచి తనిఖీ బృందం శుక్రవారం వస్తుందన్నారు. బతికిన మొక్కల జాబితా మీద సంతకం మాలతిది. మంగళవారం మిట్టమధ్యాహ్నం ఆమె తలమీద తడిగుడ్డ వేసుకుని మొక్కల వరసలోకి వెళ్లింది. నలభై అయిదు డిగ్రీల ఎండ. పక్షి కూత లేదు. ఫ్యాక్టరీల నల్లదుమ్ము నేల మీదా, ఆకుల మీదా మసిలా పేరుకుని ఉంది. నూట పదిహేడో నంబరు ఉసిరి కట్టెపుల్లలా నిలబడి ఉంది. ముట్టుకుంటే పుటుక్కున విరిగి చేతిలోకి వచ్చేసింది.

"సిక్ అయ్యిందమ్మా, అంతే."

మాలతి ఎగిరిపడింది. వెంకటరత్నం ఎప్పుడొచ్చాడో, వెనకే ఉన్నాడు.

"రత్నంగారూ, ఇది విరిగిపోయింది!"

"ఫ్రాక్చరమ్మా" అన్నాడాయన, సుద్దముక్క తీస్తూ.

ఆ ఉసిరి నాటిన మూడో ఏడు పిల్ల ఫణిశ్రీ పేరు పక్కన మాలతి సున్నా వేసింది. సాయంత్రం ఫణిశ్రీ బీర్‌గావ్ నుంచి రెండు ఆటోలు మారి వచ్చింది.

"మేడమ్, అమ్మకి ఆపరేషన్ అయ్యింది. ఇరవై రోజులు అస్పతాల్లోనే ఉన్నాను. ఈ పది పోతే ఫెయిలే మేడమ్. స్కూల్లో ల్యాబ్ నౌకరీ ఇస్తామన్నారు, పాసైతేనే అన్నారు."

"నాకూ కామెర్లు వచ్చాయి" అంది మాలతి. ఆ పిల్ల వెళ్లిపోయింది. సంతకమంటే సంతకమే కదా అని మాలతి తనకు తానే నచ్చచెప్పుకుంది.

గురువారం మధ్యాహ్నం మళ్లీ వరసలోకి వెళ్లి చూస్తే, నూట పదిహేడు పచ్చగా నిలబడి ఉంది. అదే గొయ్యి, అదే రేకు, రేకు మూల అదే తుప్పుమచ్చ. కానీ ఉసిరి కాదు. నేరేడు.

ఆమె ఆఫీసులోకి పరుగెత్తింది. క్లర్కు ప్రేమ్‌చంద్ ఫైలుతో విసురుకుంటూ నిబ్బరంగా విన్నాడు. "అందుకే మేడమ్, దోపహర్ టైంలో, మిట్టెండలో ఆ లైన్లోకి వెళ్లొద్దు. అక్కడ కుఛ్ హై, ఏదో ఉంది. పోయినేడు మామిడి మొక్కను నా కళ్లతో చూసి ఊరెళ్లాను. వాపస్ వచ్చేసరికి పనసై కూచుంది. మనకెందుకు చెప్పండి?"

మాలతి లెక్చరరు, పైగా సైన్సు లెక్చరరు. వణుకుతూనే వెనక్కి వెళ్లింది. నల్లదుమ్ములో పాదాల జాడలు కనిపించాయి. గొయ్యి దగ్గర మొదలై అటు వెళ్లినవే గానీ, ఇటు వచ్చినవి ఒక్కటీ లేవు. గొయ్యిలోంచి ఎవరో లేచి నడిచి వెళ్లిపోయినట్టుంది. ఆమె వాటి పక్కనే అడుగులో అడుగు వేసుకుంటూ నడిచింది. జాడలు కెమిస్ట్రీ ల్యాబు వెనక తాళం వేసి ఉండే గది వరకూ పోయి ఆగాయి. ఇవాళ తాళం లేదు. లోపల టప్‌, టప్‌మని నీళ్ల చప్పుడు. మధ్యలో ఎవరో గొణుగుతున్నారు.

"ఎనభై ఆరు... నూటరెండు... నలభై మూడు..."

తన నంబరు వినేసరికి మాలతి తలుపు మీద చెయ్యి వేసింది. కళ్లు మూసుకుని తలుపు తోసింది.

"కాళ్లు చూసుకోండమ్మా, అరవై తొమ్మిది మీద అడుగేస్తారు" అన్నాడు వెంకటరత్నం.

గదినిండా మొక్కలు. పాలప్యాకెట్లలో, కోసిన డబ్బాల్లో, పగిలిన బీకర్లలో. డిస్టిల్డ్ వాటర్ మెషీను నుంచి ఊరికే మోరీలోకి పోయే నీళ్లు సన్నటి గొట్టాల్లో వచ్చి వాటి మీద బొట్టుబొట్టుగా పడుతున్నాయి. ప్రతి మొక్క మెడలోనూ ఒక నంబరుంది.

"అయితే ఆ అడుగులు..."

"నావేనమ్మా. తెల్లారే వొచ్చి గొయ్యి తవ్వుతా కూకున్నాను. ఈలోగా దుమ్మొచ్చి, వొచ్చినప్పటి అడుగులు కప్పీసింది. ఏటి, దెయ్యమనుకున్నారేటి?"

"లేదు లేదు" అంది మాలతి, చెమట తుడుచుకుంటూ. అప్పుడే బల్ల మీద రిజిస్టరు కనిపించింది. వద్దనుకుంటూనే 2009 తీసింది. నలభై మూడు ఎదురుగా వరసగా రాసి ఉంది. కానుగ, సిక్. కానుగ, సిక్. నేరేడు, సిక్. వేప, ఫిట్. నాలుగూ మే నెలలోనే.

మాలతి స్టూలు మీద కూలబడింది. "అంటే నా మొక్క మూడుసార్లు చచ్చిపోయిందా!"

"ఆ మాట అనకండమ్మా."

"నిష్ఠ, నిష్ఠ అని ఏడాదిగా పాఠాలు చెబుతున్నాను రత్నంగారూ!"

"చెప్పండమ్మా, వినడానికి బాగుంటాది." ఆయన మొక్కల వైపు తిరిగాడు. "కామెర్లతో చిక్కి సగమైన పిల్ల తిరిగొచ్చి ఖాళీ గొయ్యి చూసిందనుకోండి. ఏటైపోతాది? అందుకని గొయ్యి ఖాళీగా ఉంచనమ్మా నేను. ఎవరిదైనా సరే."

మాలతికి నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. బీర్‌గావ్ నుంచి రెండు ఆటోలు మారి వచ్చిన పిల్ల మొహం కళ్లముందు మెదిలింది. "ఇప్పుడు నా చెట్టు అంత పెద్దదైంది కదా. మళ్లీ నలభై మూడని ఇంకోటెందుకు?" అని అడిగింది.

"స్టెప్నీ అమ్మా. పిడుగులున్నాయి, రోడ్డు వెడల్పు చేసీవోళ్లున్నారు."

శుక్రవారం బృందం వచ్చింది. మాలతి జాబితా చింపేసి, రిజిస్టరే వాళ్ల ముందు పెట్టింది. గోతులు రెండు వందల అరవై, సిక్ అయినవి ఆరు వందల పదకొండు, ఖాళీ గొయ్యి ఒక్కటీ లేదు. "సిక్ అంటే?" అన్నాడు బృందంలోని పెద్దాయన హిందీలో. "చచ్చిపోయినవి సార్" అంది మాలతి. వెనకనుంచి వెంకటరత్నం గట్టిగా దగ్గాడు. "అంటే... సిక్ అయినవి సార్" అని దిద్దుకుంది. పెద్దాయన చాలాసేపు పేజీలు తిప్పాడు. ఇన్ని కాలేజీలు చూశాననీ, ఒక్క మొక్కా పోలేదని అందరూ రాసిచ్చారనీ, పోయినవాటిని గుర్తుపెట్టుకున్నది ఇక్కడే చూశాననీ అన్నాడు. సర్టిఫికెట్ మీద సంతకం పెట్టాడు.

ఫణిశ్రీ సున్నాకు ముందు మాలతి ఒకటి చేర్చి, "కామెర్లొస్తే నాకోసం ఎవరో నీళ్లు పోశారు" అని క్లాసులో కథ సరిదిద్ది చెప్పింది. ఫణిశ్రీకి ఒక షరతు మాత్రం పెట్టింది. వచ్చే మే లోగా ఆ పిల్ల ఇంటి దగ్గర రెండు మొక్కలు పెంచి తేవాలి, ఎవరి నంబరుకో స్టెప్నీగా. నియమం కూడా మారింది. గొయ్యి ఖాళీగా ఉండకూడదు, నింపింది ఎవరైనా సరే.

జూన్‌లో ఒక సోమవారం వెంకటరత్నం రాలేదు. ఇరవై ఏడేళ్లలో అదే మొదటిసారి. ఆఫీసుకు చీటీ మాత్రం వచ్చింది: "వెంకటరత్నం, సిక్." చదివి ప్రేమ్‌చంద్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఆయన భాషలో ఆ మాటకు అర్థమేమిటో కాలేజీలో ఇప్పుడందరికీ తెలుసు. మాలతి రెండు రోజులు నిద్రపోలేదు.

బుధవారం ఆయన వచ్చాడు. జ్వరం తగ్గిందట. మీసం లేదు. నున్నటి గుండు. చొక్కా కూడా కొత్తది, కాస్త వదులైంది. మనిషి ఇదివరకటికంటే పొట్టిగా ఉన్నట్టనిపించాడు. వరండాలో అందరూ ఒకడుగు వెనక్కి వేశారు.

మాలతి ఆయన్ని పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ చూసింది. చదువుకునే రోజుల్లో పిలిచిన పిలుపు దానంతటదే నోటికొచ్చింది.

"బాబాయ్, నిజం చెప్పండి. మీరేనా?"

వెంకటరత్నం ఒక్క క్షణం ఆలోచించి, మెడలో వేలాడుతున్న ఉద్యోగి కార్డు ఆమె ముందుకు చాపాడు.

"నంబరు చూసుకోండమ్మా, అదే కదా!"