పద్నాలుగు రోజుల కమాను

ఇంజనీరింగు పుస్తకంలో అంకె కనబడితే చాలు, నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ అంకె ఎక్కడ పుట్టింది, ఏ ఎండలో, ఏ సున్నంతో అని ఎవరూ అడగరు. అడిగినవాణ్ణి పిచ్చోడంటారు.

రెండో ప్రపంచ యుద్ధం రోజులు. జహీరాబాదు నుంచి కోహీర్ పోయే తోవలో వాగు మీద రాతి కమాను కడుతున్నాం. నేను కొత్త ఓవర్సీరును. సిమెంటు దొరక్క గానుగ సున్నంతో కట్టించాం. కట్టింది ఒక ముసలి మేస్త్రీ. అందరిలాగే నేనూ ఆయన్ని చాచా అనేవాణ్ణి. కమాను కింద ఆసరాగా నిలిపిన కర్రల్ని పద్నాలుగో రోజున తీసేయొచ్చని మా రూళ్ల పుస్తకం చెప్పింది. అది సిమెంటుకు రాసిన లెక్క. పైగా ఆ పద్నాలుగు రోజులూ ముసురే.

నేను అదే సున్నంతో రాళ్లు జతలుగా అతికించి, రెండు రోజులకో జత విడదీసి చూశాను. చివరి జతలో కూడా లోపలి సున్నం గోటితో గీకితే మెత్తగా ఊడివచ్చింది. ఆ రాళ్లు తీసుకెళ్లి, హైదరాబాదు నుంచి వచ్చిన పెద్ద ఇంజనీరు ముందు పెట్టాను.

"నీ పరీక్షలు ఇంటికాడ చేసుకో. రూలంటే రూలే. పై ఆఫీసరు మోటరు ఈ తొవ్వలనే పోవాలె," అన్నాడాయన. రాళ్లవైపు చూడనైనా లేదు. అంత చదువూ ఏ గంగలో కలిపాడో!

మా దగ్గర ఒక ఆనవాయితీ ఉండేది. కర్రలు తీసేటప్పుడు, కట్టిన మేస్త్రీ తన కమాను కిందే నిలబడాలి.

"చాచా, నీకు తెలుసు గదా, ఇంకా పచ్చిగున్నది. జర పక్కకు రా," అని బతిమాలాను.

"తెలుసు సాబ్. గని నేను బయట నిలబడితే, పని ఖరాబని నేనే ఒప్పుకున్నట్టు. రేపు నాకెవడు పనిస్తడు?" అని టోపీ సర్దుకుని కిందికి వెళ్లాడు.

చెయ్యి పట్టి లాగాల్సింది. లాగలేదు. కర్రలు ఊడదీస్తుండగానే కమాను నడుమ కుంగి కూలిపోయింది. చాచా ఎడమకాలు రాళ్ల కింద నుజ్జయింది.

ఆ సాయంత్రమే పెద్ద ఇంజనీరు నాచేత రిపోర్టు రాయించాడు. కారణం: మేస్త్రీ పనితనంలో లోపం. సున్నం ఊసు లేదు, వాన ఊసు లేదు. థూ! కింద సంతకం పెట్టింది కూడా నేనే. నౌకరీ పోతుందని భయం.

మర్నాడు దవాఖానకు వెళ్లాను. కాలు తీసేశారు. చాచా నన్ను చూడగానే కాలు మాటే ఎత్తలేదు.

"రిపోర్టుల ఏం రాసిన్రు సాబ్? నా పని మీద రాయలేదు గదా?"

"లేదు చాచా. వానకు సున్నం ఆరలేదని రాసిన," అన్నాను.

"బస్, గంతే చాలు. అల్లా మిమ్మల్ని సల్లగ సూడాలె," అంటూ చాచా, సంతకం పెట్టిన నా చేతిని తీసుకుని కళ్లకద్దుకున్నాడు.